పెట్టెలో మిగిలిపోయిన ఫ్యూజులోనే ఉంది మీ కేసు

ప్రశ్న: మాది నల్లకుంట. నాన్నగారు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో నాకు 400 సీసీ బైకు కొనిచ్చారు. చలికాలంలో లంబసింగి వెళ్దామని, చేతులకు వెచ్చగా ఉండే హీటెడ్ గ్రిప్పులు ఆన్‌లైన్‌లో రూ.2,900కు తెప్పించాను. 2024 డిసెంబరు 14న కోఠి దగ్గర ఒక దుకాణంలో బిగించారు. రూ.1,500 ఫోన్‌పేలో కట్టాను, బిల్లు ఇవ్వలేదు. 21న తెల్లవారుజామున నర్సీపట్నం దాటాక హెడ్‌లైటు దగ్గర మంటలు లేచాయి. మరమ్మతుకు రూ.86,000 అవుతుందన్నారు. బీమా కంపెనీ 2025 ఫిబ్రవరి 18న క్లెయిము తిరస్కరించింది. దుకాణం వాళ్లు నన్నే దొంగలా చూశారు, 'కోర్టుకెళితే బైకు మార్చినందుకు నీకే జరిమానా' అన్నారు. పద్నాలుగు నెలలుగా తిరుగుతున్నాను. లాయరు నోటీసు రెండుసార్లు పంపించాను. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. నాన్నగారి కష్టార్జితం, దుకాణంలో పడ్డ మాటలు, ఆగిపోయిన ప్రయాణం గురించే మూడు పేజీలు రాశారు. వినియోగదారుల కమిషన్ వీటిలో ఏదీ తూకం వేయదు. కేసును తేల్చే వాక్యం మూడో పేజీ అడుగున ఉంది: 'కిట్టు పెట్టె ఇంట్లోనే ఉంది, అందులో ఫ్యూజు, రిలే కవరు విప్పకుండా అలాగే ఉన్నాయి.' మీరు దాన్ని మాటవరసకు రాసి ముందుకు పోయారు. నేను అక్కడ ఆగాను.

ఈ గ్రిప్పులు 12 వోల్టుల మీద పనిచేస్తాయి. జత కలిసి సుమారు 3 నుంచి 4 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి, అంటే దాదాపు 40 వాట్లు. ఇంత విద్యుత్ బరువు (లోడ్) ఉంటుంది కాబట్టే కిట్టుతో పాటు ఫ్యూజు వస్తుంది. పద్ధతిగా బిగించే మెకానిక్ బ్యాటరీ నుంచి విడిగా ఒక లైను లాగుతాడు. బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు పెడతాడు, తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వెళ్లేలా మధ్యలో రిలే కలుపుతాడు. యాక్సిలరేటరు వైపు వైరుకు కొంత వదులు ఇచ్చి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, గ్రిప్పు వదిలితే దానంతట అది వెనక్కి వస్తోందో లేదో చూస్తాడు. మీ పని ఇరవై నిమిషాల్లో అయిపోయిందని, సీటు కూడా తీయలేదని మీరే రాశారు. మీ బైకులో బ్యాటరీ సీటు కిందే ఉంటుంది. సీటు తీయకుండా బ్యాటరీ దాకా వైరు వెళ్లదు. కాబట్టి ముందు భాగంలో ఉన్న కంపెనీ వైరునే దుకాణం మెకానిక్ గీకి, చుట్టి, టేపు వేసి ఉంటాడు. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నిబంధన ఉంది. అతను కలిపింది ఆ లైనుకే అయితే, రాత్రంతా అది రెండు బరువులూ మోసింది.

అయితే ఇదంతా నా ఊహే, సాక్ష్యం కాదు. కాలిపోయిన ఆ వైరింగును నిపుణుడు చూస్తేనే సంగతి తేలుతుంది. ఇప్పుడు అది ఎక్కడుంది? సర్వీసు సెంటరు షెడ్డులో, రసీదు లేకుండా, ఏ రోజైనా తుక్కు కింద పోయే స్థితిలో ఉంది. పద్నాలుగు నెలల్లో దుకాణానికి ఎన్నిసార్లు వెళ్లారో లెక్క రాశారు గానీ ఆ వైరింగుకు ఒక్క ఫొటో తీయలేదు. ఇంత అజాగ్రత్త కూడదు. మీ రూ.86,000 ఆ నల్లటి తీగల ముద్ద మీద ఆధారపడి ఉన్నాయి.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. 'ఫ్యూజు పెట్టలేదు కాబట్టే కాలింది' అని ఖాయంగా రాయకండి. అవతలి లాయరు వెంటనే 'షార్ట్ అయితే బైకు అసలు ఫ్యూజు పోవాలి కదా, అది బాగానే ఉంది' అంటాడు. వదులుగా చుట్టిన అతుకు దగ్గర, కరెంటు హద్దు దాటకుండానే వేడి పుట్టి తీగ తొడుగు కరిగిపోవచ్చు. అలాంటప్పుడు ఏ ఫ్యూజూ పోదు. హ్యాండిల్ మెడ దగ్గర వైరు నలిగి ఇనుముకు తగిలి ఉంటే కథ వేరు. అక్కడైతే కిట్టులోని చిన్న ఫ్యూజు ముందే తెగి మంటను ఆపేది. రెంటిలో ఏది జరిగిందో నిపుణుడు చెప్పాలి. మీరు ఇంతవరకే రాయండి: కిట్టుతో వచ్చిన సూచనల కాగితం ప్రకారం బిగించలేదు, ఫ్యూజునూ రిలేనూ వాడనేలేదు, వారం తిరగకుండా అదే చోట మంట లేచింది.

ఎవరి మీద వేయాలన్నది కూడా ఆ పెట్టే చెబుతుంది. గ్రిప్పులు తయారు చేసిన కంపెనీని లాగకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ ప్రకారం వస్తువును తప్పుగా వాడినా, మార్చినా తయారీదారు బాధ్యత నుంచి తప్పుకోవచ్చు. సూచనలు పాటించకుండా బిగించారన్నదే మన వాదన కాబట్టి ఆ తలుపు మనమే మూసుకున్నట్టు. బిగించిన దుకాణం సంగతి అలా కాదు. సేవ లోపభూయిష్ఠంగా ఉన్నా, నిర్లక్ష్యం వల్ల హాని జరిగినా సేవ చేసినవారే బాధ్యులని 85వ సెక్షన్ చెబుతుంది. దుకాణమే మొదటి ప్రతివాది.

బీమా కంపెనీని రెండో ప్రతివాదిగా పెట్టండి. వాళ్ల తిరస్కరణ లేఖలో రెండే కారణాలు ఉన్నాయి: ఇది ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ అని, చెప్పకుండా అదనపు ఎలక్ట్రికల్ సామాను పెట్టారని. కొనుగోలు ధరలో లేని ఎలక్ట్రికల్ సామాను విలువను ముందే చెప్పి అదనపు ప్రీమియం కడితేనే పాలసీ దాన్ని కాపాడుతుంది. మీరు చెప్పలేదు, కాబట్టి ఆ రూ.2,900 వదిలేయండి. బైకు సంగతి వేరు. మన మోటారు పాలసీల్లో వాహనానికి అగ్ని, దానంతట అది అంటుకోవడం వల్ల కలిగే నష్టానికి రక్షణ ఉంటుంది. ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు ఉండదు. తీగ మాడి ఆగిపోతే బ్రేక్‌డౌన్ అనొచ్చు, మంట లేచి మీటరు, ట్యాంకు కాలితే అది అగ్ని. కాబట్టి మంట మీద ఇసుక చల్లుతుండగా మీ స్నేహితుడు తీసిన నలభై సెకన్ల వీడియో ఆ లేఖకు జవాబు. ప్రమాదం కబురు ఐదు రోజులు ఆలస్యంగా ఇచ్చారని ఇప్పుడు కొత్తగా అన్నా భయపడకండి. తిరస్కరణ లేఖలో లేని కారణాన్ని కంపెనీ తర్వాత పట్టుకురాకూడదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక సర్వీసు సెంటరు ఉద్యోగి మీ చెవిలో వేసిన సలహా. గ్రిప్పులు పీకేసి పాత రబ్బరువి తొడిగి, ఎలుక వైరు కొరికిందని రాసి మళ్లీ సర్వే (బీమా కోసం నష్టం తనిఖీ) అడగమన్నాడు. ఆ పని చేయొద్దు. మొదటి సర్వేయరు తీసిన ఫొటోల్లో ఆ గ్రిప్పులు ఉన్నాయి. అబద్ధం రాసిన రోజున మీ పాలసీ ప్రయోజనం మొత్తం పోతుంది. భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, ఫోర్జరీకి 336 సెక్షన్లున్నాయి. ఈరోజు బాధితుడిగా ఉన్న మీరు రేపు నిందితుడవుతారు. అంతకంటే ముందే, గ్రిప్పులు పీకిన చేత్తోనే దుకాణం మీద ఉన్న ప్రధాన సాక్ష్యాన్ని తుడిచేసినవారవుతారు. దుకాణదారు పాత తేదీతో బిల్లు రాసిస్తానన్నా తీసుకోకండి.

బిల్లు అడగకుండా డబ్బు కట్టడం మీ తప్పు. ఇవ్వకపోవడం వాళ్ల తప్పు, బిల్లు నిరాకరించడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. లోటు పూడ్చే దారి ఉంది. డిసెంబరు 14 నాటి చెల్లింపు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటుపై బ్రాంచిలో ముద్ర వేయించుకోండి. 'గ్రిప్స్ ఫిట్టింగ్‌కి ఎంత అన్నా' అని మీరు అడిగిన, వాళ్లు 1500 అని బదులిచ్చిన వాట్సాప్ సంభాషణ ఉందన్నారు. ఆ ఫోను అమ్మకండి, మార్చకండి. ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద, అవి ఫోనులో ఉన్న అసలు సంభాషణవేనని ధ్రువపరిచే సర్టిఫికెట్ జతచేయండి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్య నిబంధనలు అంత కఠినంగా పట్టించుకోరని కొందరు దాన్ని వదిలేస్తారు. అప్పీలులో అదే అడ్డంపడటం నేను చూశాను.

గడువు మాట గట్టిగా చెప్పాలి. 'ఆరు నెలలకోసారి నోటీసు పంపుతుంటే కేసు బతికే ఉంటుంది' అని మీకు ఎవరో చెప్పారు. అది పూర్తిగా తప్పు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. నోటీసులు ఎన్ని పంపినా ఆ గడియారం ఆగదు. దుకాణం మీద మీ గడువు 2026 డిసెంబరు 21తో ముగుస్తుంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, లాయరు నోటీసుల మీద సంతకాలు చేసిన మనిషి 'నాకు తెలియదు' అంటే నమ్మరు. బీమా కంపెనీ మీద గడువు తిరస్కరణ తేదీ నుంచి లెక్కకు వస్తుంది, అయినా రెండూ ఒకేసారి వేయండి. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లమని ఎవరైనా అంటే, అక్కడ దుకాణం మీద ఒక్క మాట కూడా తేల్చలేరని గుర్తుంచుకోండి.

జరిమానా బెదిరింపుకు భయపడనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధించేది, వాహన నిర్మాణంలో దాని మౌలిక లక్షణాన్ని మార్చే మార్పును. పిడి మీద తొడుగు మార్చడం ఆ నిర్వచనంలోకి రాదని నా అభిప్రాయం.

ఈ వారమే చేయవలసింది: సర్వీసు సెంటరుకు రాతపూర్వకంగా, స్పీడ్ పోస్టులో, నా అనుమతి లేకుండా ఏ భాగమూ విప్పవద్దు, పారేయవద్దు అని రాయండి. లైసెన్సున్న సర్వేయరును మీ ఖర్చుతో పిలిపించండి. తనిఖీ తేదీ, సమయం దుకాణానికీ బీమా కంపెనీకీ పది రోజుల ముందే తెలియజేసి రమ్మనండి. రాకపోతే ఆ సంగతి సర్వేయరు నివేదికలో రాయించండి. కంపెనీ వైరుకు అతికిన చోటును, చుట్టూ ఒక జానెడు తీగతో సహా, ముందు ఫొటోలు తీసి, కోసి, అందరి సంతకాలతో సీలు చేయించండి. తర్వాత కమిషన్‌లోనే వినియోగదారుల చట్టం 38(2)(సి) సెక్షన్ కింద ప్రయోగశాల పరీక్ష అడగవచ్చు. పరీక్ష ఉన్న కేసులకు చట్టం ఐదు నెలల గడువు పెట్టింది గానీ, ఆచరణలో ఎక్కువే పడుతుంది, సిద్ధపడండి.

మంట నర్సీపట్నం దగ్గర లేచినా ఫిర్యాదు హైదరాబాద్ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు నివసించే చోట వేసే హక్కును అదే చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. చెల్లించిన ప్రతిఫలం, అంటే సేవకు మీరు కట్టిన సొమ్ము, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. మరమ్మతు ఖర్చు రూ.86,000, సర్వేయరు ఫీజు, బైకును తెప్పించిన లారీ కిరాయి రసీదులతో అడగండి. మానసిక క్షోభకు లక్షలు రాయకండి, అంకె పెరిగే కొద్దీ మిగతా లెక్కల మీద నమ్మకం తగ్గుతుంది. నోటీసు అందాక ప్రతివాదులు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ గడువు దాటిన జవాబును తీసుకోకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చింది. వాళ్లు వాయిదా అడిగితే ఆ తీర్పు చూపించి అభ్యంతరం చెప్పండి.

ఇక ఆ అట్టపెట్టె. ఫ్యూజు కవరు విప్పకండి. సూచనల కాగితం, ఆన్‌లైన్ బిల్లు అందులోనే పెట్టి, ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ల ముందు పెట్టెను ఫొటోలు తీసి, టేపు వేసి, వాళ్ల సంతకాలు, తేదీ రాయించి బీరువాలో దాచండి. మొదటి వాయిదాకు దాన్ని చేత్తో తీసుకెళ్లండి.