నోట్స్ చూసి కోడ్ రాసేవాడికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి ఇక్కడే బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. నెట్‌లో దొరికిన కోడ్ ముక్కలన్నీ ల్యాప్‌టాప్‌లో ఒక ఫైలులో దాచుకుంటాడు. ఏ ప్రోగ్రామ్ రాయాలన్నా ఆ ఫైలు తెరవాల్సిందే. కోపమొచ్చి చుట్టాల ముందే కాపీ మాస్టరని తిట్టాను. ఇలాంటివాడికి ఉద్యోగం ఎవరిస్తారు? బెంగళూరులో ఉన్న మా బామ్మర్ది ఏఐతో కలిపి ఫుల్ స్టాక్ కోర్సు చేయించమంటున్నాడు. లక్ష పైనే అవుతుందట. ఆ కోర్సు మేలా, కోడ్ అంతా బట్టీ పట్టించడం మేలా? ఫైలులో రెండు పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను.

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, మీకు నిద్ర పట్టనివ్వనిది వేరే సంగతి. వీడికి అసలేమీ రాదేమో, కట్టిన ఫీజులన్నీ బూడిదలో పోసిన పన్నీరేమో అన్న భయం. సీమ జిల్లాల నుంచి వచ్చే ఉత్తరాల్లో ఊరు మారుతుంది, కాలేజీ మారుతుంది, ఈ భయం మాత్రం మారదు. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

చూసి రాయడం సాఫ్ట్‌వేర్ పనిలో తప్పు కాదు. ఏళ్ల తరబడి సర్వీసు ఉన్నవాళ్లు కూడా ఏ పని ఎప్పుడు తనంతట తానే నడవాలో కంప్యూటర్‌కు చెప్పే క్రాన్‌లోని ఐదు గళ్లలో ఏది నెలో, ఏది వారమో చూసుకునే రాస్తారు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల్లో ఒక నమూనాను వెతికే సూత్రం రాయాలంటే పాత నోట్స్ తీస్తారు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేసిన కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలే 1971లో దాని కమాండ్లకు మాన్యువల్ రాసి పెట్టారు. అంత చేసినవాళ్లే కాగితం మీద పెట్టుకున్నారంటే, మూడో సంవత్సరం కుర్రాడు ఫైలు తెరవడంలో వింతేముంది?

మీ షాపు సంగతే చూడండి. కాలిపోయిన మోటార్ వచ్చిందంటే ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్లాట్లు, కాయిల్‌కు ఎన్ని చుట్లు, ఏ గేజ్ తీగ అన్నది మీరూ ఓ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకునే ఉంటారు. మళ్లీ అలాంటి మోటారే వస్తే ఆ పేజీ తీసి చుట్టేస్తారు. అంతమాత్రాన మీకు పని రాదని ఎవరైనా అంటారా? అదే నోట్‌బుక్ నా చేతిలో పెడితే మోటార్ తిరుగుతుందా?

ఇక మీరు పంపిన ఫొటోలు. మొదటి పేజీలో గిట్ కమాండ్లున్నాయి. కోడ్‌లో చేసిన మార్పులను వరుసగా దాచిపెట్టే సాధనం గిట్. అలా దాచడం కమిట్, తాత్కాలికంగా పక్కన పెట్టడం స్టాష్. 'గిట్ రీసెట్ హార్డ్' అని రాసి, దాని కింద మీవాడు తన మాటల్లో ఇలా రాసుకున్నాడు: 'ముందు గిట్ స్టాష్ కొట్టాలి. కమిట్ చేయనిదంతా పోతుంది, మళ్లీ రాదు.' ఇంకా గిట్‌కు చేర్చని కొత్త ఫైళ్లు తప్ప, ఇది నిజమే. కమిట్ చేసిన పని పోతే గిట్ రాసుకునే రీఫ్లాగ్ అనే చిట్టాలో వెతికి తెచ్చుకోవచ్చు. కమిట్ కానీ స్టాష్ కానీ చేయని మార్పులను ఈ కమాండ్ తుడిచేస్తే అందులో కూడా దొరకవు. ఆ ఒక్క లైను ఎక్కడినుంచో ఎత్తుకొచ్చింది కాదు. ఎప్పుడో రాసిందంతా పోగొట్టుకుని, తల పట్టుకుని కూర్చుని రాసుకున్న లైను అది. అలాంటి లైన్లు పది ఉన్న ఫైలును నేను సర్టిఫికెట్ కన్నా ఎక్కువ గౌరవిస్తాను.

రెండో పేజీ చూశాక మాత్రం నాకూ దిగులేసింది. లాగిన్ పేజీ కోడ్ అది. యూజర్ పేరును, పాస్‌వర్డ్‌ను తిన్నగా డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించేశాడు. ఆ పెట్టెలో ఎవడైనా ఒక కొటేషన్ గుర్తు కొట్టి, పక్కన ఎప్పుడూ నిజమయ్యే షరతు ఒకటి రాస్తే చాలు, పాస్‌వర్డ్ తెలియకుండానే లోపలికి వచ్చేస్తాడు. వాక్యాన్ని ముందే ఖాయం చేసి, టైప్ చేసినదాన్ని విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడితే ఈ గొడవ ఉండదు. ఈ పేజీలో వాడి సొంత మాట ఒక్కటీ లేదు. ఎక్కడ దొరికిందో లేదు, ఎందుకలా రాశారో లేదు. మీరు తిట్టాల్సి వస్తే ఈ పేజీకి తిట్టండి, అదీ నలుగురిలో కాదు.

ఎంతమంది వాడినా సరే, చదవకుండా అతికించిన ముక్కను నమ్మడానికి లేదు. జావాలో బైట్ల సంఖ్యను కేబీ, ఎంబీల్లోకి మార్చి చూపించే చిన్న కోడ్ ఒకటి ఆండ్రియాస్ లుండ్‌బ్లాడ్ అనే డెవలపర్ 2010లో ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్‌లో రాశాడు. ఆ సైట్ నుంచి అందరికన్నా ఎక్కువమంది ఎత్తుకున్న జావా కోడ్ అదేనని 2018లో ఒక పరిశోధనలో తేలింది. తీరా అందులో తప్పుందని 2019లో అతనే బయటపెట్టాడు. 9,99,999 బైట్లు ఇస్తే 1 ఎంబీ అని రావాల్సింది 1000 కేబీ అని వచ్చేది. వేల ప్రాజెక్టుల్లోకి ఆ తప్పు అలాగే పాకిపోయింది.

కాబట్టి ఫైలు మూయించొద్దు, బాగు చేయించండి. ప్రతి ముక్క కింద అది ఏం చేస్తుందో తెలుగులోనైనా సరే రెండు లైన్లు, ఎక్కడ దొరికిందో లింకు, ఏ వెర్షన్‌లో నడిచిందో, ఏ ఇన్‌పుట్ ఇస్తే చెడిందో రాసుకోమనండి. వెర్షన్ రాయకపోతే ఏమవుతుందో పైథాన్ 2 నోట్స్ దాచుకున్నవాళ్లను అడిగితే చెబుతారు. 2020 జనవరి 1తో దానికి సపోర్ట్ ఆగిపోయింది, ఆ ప్రింట్ లైన్లు పైథాన్ 3లో నడవవు.

బట్టీ సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఇంటర్వ్యూలో ఫైలు తెరవనివ్వరు కాబట్టి లూపులు, స్ట్రింగులు, అర్రేలు, సార్టింగ్, హ్యాష్ మ్యాప్, ఎస్‌క్యూఎల్ జాయిన్లు చూడకుండా రావాలి. అవి కాగితం మీద పెన్నుతో రాస్తే వస్తాయి, వల్లె వేస్తే రావు. రోజూ ఒక లెక్క చాలు.

ఇక కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. ఇలాంటి కోర్సుల్లో మూడు నెలల్లోనే ఫ్రంట్ ఎండ్, బ్యాక్ ఎండ్, డేటాబేస్, క్లౌడ్, పైన ఏఐ అంటే ఒక్కోదానికి ఎన్ని రోజులు వస్తాయో మీరే లెక్కేయండి. చివరికి చాలాచోట్ల చేతికిచ్చేవి ఇంటర్వ్యూ ప్రశ్నల పీడీఎఫ్, బ్యాచ్ మొత్తానికి ఒకటే ప్రాజెక్టు. మీవాడి ఫైలును కాపీ అన్నారే, ఇదేమిటి మరి? కొన్నిచోట్ల పని చేయని కంపెనీలో చేసినట్టు ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా చేయిస్తారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది దొరికితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది. దానికి మాత్రం చచ్చినా ఒప్పుకోవద్దు.

ఏఐ వచ్చాక నోట్స్ ఎందుకని మీ బామ్మర్ది అనొచ్చు. ఏఐ కూడా ఇచ్చేది ముక్కలే. తప్పున్న ముక్కను కూడా ఎక్కడా తడబడకుండా ఇస్తుంది. ఒక్కోసారి అసలు లేని లైబ్రరీ పేరు చెప్పి వాడమంటుంది. మీవాడి రెండో పేజీలాంటి కోడ్ అది ఇచ్చిన రోజున, అందులో కన్నం ఎక్కడుందో కనిపెట్టే కళ్లుండాలి. ఆ కళ్లు ఫీజు కడితే రావు, వాడు ఇప్పుడు చేస్తున్న పనిలోంచే వస్తాయి.

మీ మీద కోపం తెచ్చుకుంటున్నానని అనుకోకండి, కానీ చెప్పక తప్పదు. చెప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచి ఫొటోలు తీసి ఉంటే ముందు వాడికి ఆ సంగతి చెప్పండి. కాపీ మాస్టరన్న మాట వెనక్కి తీసుకోండి. చుట్టాల ముందు అన్నారు కాబట్టి, కనీసం మీ బామ్మర్ది ఉన్నప్పుడైనా కాదని చెప్పండి. ఇరవై ఏళ్ల పిల్లవాడు ఆ మాట నమ్మేస్తే ఫైలుతో పాటు కోడింగ్ కూడా మూసేస్తాడు. ఓ సాయంత్రం షాపులో మీ వైండింగ్ నోట్‌బుక్, వాడి ఫైలు పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. లాగిన్ పేజీ ఎలా పనిచేస్తుందో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. ఎక్కడ నసిగితే అక్కడే వాడు నేర్చుకోవాల్సింది ఉంది.

లక్ష ఇప్పుడు కట్టకండి. క్యాంపస్ ఇంటర్వ్యూలు అయ్యేదాకా ఆగండి. అప్పటికీ కోర్సుకు వెళ్తానని వాడే అడిగితే బెంగళూరు తీసుకెళ్లండి, కానీ డబ్బు కట్టే ముందు మామూలుగా జరిగే క్లాసులో రెండు రోజులు కూర్చోనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ పూటే అనంతపురం బస్సెక్కండి.