స్ఫటికం చూడనిదే పేరు రాయవద్దు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుంటూరు పత్తి చేల నల్లరేగడి నుంచి నీవు తీసిన బ్యాక్టీరియాలలో ఏది బాసిల్లస్ సీరియస్, ఏది బాసిల్లస్ థురింజియెన్సిస్ అన్నది తేలడం లేదని రాశావు. ఆ రెండూ ఒకే గూటి పక్షులు కనుక నీ తికమకలో తప్పేమీ లేదు.

మట్టి ద్రావణాన్ని 80 డిగ్రీల వద్ద 10 నిమిషాలు ఉంచినప్పుడు వేడికి తట్టుకుని మిగిలేవి స్పోర్లే (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే బ్యాక్టీరియా రూపాలే) కాబట్టి, ప్లేటు మీద లేచేవాటిలో ఎక్కువ భాగం బాసిల్లస్ కుటుంబానివే అవుతాయి. వాటిలో చెట్టు వేళ్లలా పాకే కాలనీని (బ్యాక్టీరియా గుంపును) చూడగానే బాసిల్లస్ మైకాయిడిస్ అని పోల్చుకోవచ్చు. ఇదే కుటుంబంలోని మరో జాతి సబ్‌టిలిస్ కణం వెడల్పు ఒక మైక్రాన్‌కు లోపే ఉంటుంది. సీరియస్ వర్గపు కణాలు ఒక మైక్రాన్, అంతకు కొంచెం పైన ఉంటాయి. అందుచేత కంటి అంచనాతో సరిపెట్టుకోకుండా మైక్రోస్కోపుకు అమర్చే మైక్రోమీటరు స్కేలుతో కొలవాలి. గ్రామ్ స్టెయినింగుకు (రంగు వేసి బ్యాక్టీరియా రకాన్ని పోల్చే పరీక్షకు) 18 నుంచి 24 గంటల కల్చరునే వాడు. ముదిరిన కణాలు ఊదా రంగును నిలుపుకోలేక గులాబీ రంగులో కనిపించి దారి తప్పిస్తాయి.

అయితే సీరియస్‌నూ థురింజియెన్సిస్‌నూ విడదీయడానికి కాలనీ గానీ, కణం వెడల్పు గానీ పనికిరావు. స్పోరు పక్కన కణంలోనే తయారయ్యే ప్రోటీన్ స్ఫటికం ఒక్కటే ఇక్కడ గుర్తు, పురుగును చంపేదీ అదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక్క రోజే పెరిగిన కల్చరును చూసి, స్ఫటికాలు లేవని, పది ఐసోలేట్లకు (విడదీసిన బ్యాక్టీరియా నమూనాలకు) సీరియస్ అని రాసేశాను. అవే ప్లేట్లను మూడో రోజున మళ్లీ చూస్తే, రెండింటిలో మెరిసే కోడిగుడ్డు ఆకారపు స్పోర్ల నడుమ రెండు వైపులా మొనదేలిన స్ఫటికాలు చిన్న వజ్రాల్లా విడివిడిగా పడి ఉన్నాయి. ఆ రోజు రిజిస్టరులో కొట్టివేసిన గీతలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. కాబట్టి 30 డిగ్రీల వద్ద 48 నుంచి 72 గంటలు ఆగి, కణాలు పగిలి స్పోర్లు బయటపడ్డాక చూడు. రంగు వేయకుండానే కణాలను చూపే ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు లేకపోతే, ప్రోటీన్‌కు పట్టే కూమాసీ నీలం రంగు వెయ్యి. స్ఫటికం ముదురు నీలంగా తేలుతుంది, స్పోరు లోపలికి రంగు ఎక్కదు.

ఆ స్ఫటికపు జన్యువులు సాధారణంగా ప్లాస్మిడ్ల (క్రోమోజోముకు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాల) మీద ఉంటాయి కనుక, పదేపదే సబ్‌కల్చర్ చేస్తే (కొత్త ప్లేటుకు మార్చి పెంచితే) ఆ ప్లాస్మిడ్లు జారిపోయి థురింజియెన్సిసే సీరియస్‌లా కనిపించే ప్రమాదం ఉంది. మొదటి కల్చరునే గ్లిసరాల్‌లో భద్రపరిచి పని మొదలుపెట్టు.

మరొక్క మాట, దీన్ని తేలికగా తీసుకోవద్దు. కదలిక లేకుండా, రక్తపు అగారు మీద చుట్టూ రక్తకణాలు కరిగిన పారదర్శక వలయం ఏర్పరచకుండా, వేళ్లలా పాకకుండా ఉన్న సీరియస్ వర్గపు కాలనీ ఎదురైతే, అది దొమ్మ రోగ (ఆంత్రాక్స్) క్రిమి కావచ్చునన్న అనుమానంతో ప్లేటును మూసి, మళ్లీ తెరవకుండా, వెంటనే మీ గైడుకు చెప్పు.

మూడో రోజు స్లైడు ఫొటోలను స్కేలుతో సహా నాకు పంపు.