లెన్సు బాగానే ఉంది, కేసు కూడా ఉంది

ప్రశ్న: లాయరు గారూ, నమస్కారమండీ. మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఫొటోలు తీసి బతుకుతున్నాను. సంక్రాంతికి మా కాలువలో పడవ పోటీలు పెడుతుంటే జట్లవాళ్లు కూడా ఫొటోలు అడుగుతున్నారు. అందుకని విజయవాడలో ఒక కెమెరా షాపువాళ్లకి వాట్సాప్‌లో ఇలా రాశాను: "నా దగ్గర నికాన్ డి5100 ఉంది. కాలువ గట్టు మీంచి పడవలు తీయాలి. 20 వేల లోపు ఏది బాగుంటుంది?" వాళ్లు "ఏఎఫ్-పి 70-300 వీఆర్ తీసుకోండి, మీ కెమెరాకి సూపర్‌గా పనిచేస్తుంది" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. రూ.18,500 ఫోన్లో కొట్టాను, పార్సిల్ వచ్చింది. తగిలించి చూస్తే ఫోకస్ అవ్వదు. రింగు చేత్తో తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. అడిగితే "లెన్సులో లోపం లేదు, మీ కెమెరా పాతది" అంటున్నారు. బిల్లు అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు", "వివాదాలు విజయవాడ పరిధిలోనే" అని అచ్చేసి ఉంది. స్నేహితుడి కొత్త కెమెరాకి వేస్తే ఫోకస్ అవుతోంది గానీ, సాయంత్రం పూట తెడ్లు మసకగా వస్తున్నాయి. కేసు నిలుస్తుందా? సంపాదన కోసం కొన్నాను కాబట్టి వినియోగదారుణ్ణి కానంటారా?

జవాబు: మీ ఫిర్యాదులో "లెన్సు పాడైంది", "లోపమున్న సరుకు అంటగట్టారు" అనే మాటలు ఎక్కడా రాయకండి. కోపంలో ముందు వచ్చేవి ఆ మాటలే. కేసును ముంచేవీ అవే. లోపం ఉందంటే, పరీక్షిస్తే తప్ప తేలదనుకున్నప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపుతుంది. ల్యాబ్‌లో దాన్ని కొత్త కెమెరాకి తగిలిస్తారు. చక్కగా పనిచేస్తుంది. "లోపం లేదు" అని రిపోర్టు వస్తుంది. షాపువాళ్లు చెబుతున్నదీ అదేగా!

మా దగ్గరికొచ్చిన ఒక రొయ్యల రైతు ఇలాగే చేసుకున్నాడు. చెరువుకి సింగిల్ ఫేజ్ కరెంటే ఉందని చెప్పి మరీ ఏరేటర్ మోటారు కొంటే, త్రీ ఫేజ్‌ది పంపారు. ఆయన ఆవేశంగా "కాలిపోయిన మోటారు పంపారు" అని రాసి ఫైల్ చేశాడు. మోటారు బంగారంలా ఉందని రిపోర్టు వచ్చింది. తర్వాత ఫిర్యాదు సవరించుకోవడానికి నానా తంటాలు పడాల్సి వచ్చింది.

మీ లెన్సు సంగతీ అంతే. ఏఎఫ్-పి రకంలో ఉండేది స్టెప్పింగ్ మోటారు. ఫోకస్ రింగు కూడా అద్దాల్ని నేరుగా తిప్పదు, ఆ మోటారుకు ఆదేశం పంపుతుంది, అంతే. డి5100 లాంటి పాత కెమెరా బాడీలకు ఆ మోటారుతో మాట్లాడటం రాదు. చేత్తో తిప్పినా కదలకపోవడానికి కారణం అదే. ఏ బాడీలకు ఇది సరిపడదో కంపెనీయే జాబితా ఇచ్చింది, అందులో డి5100 ఉంది. కాబట్టి కంపెనీని ఈ కేసులోకి లాగకండి. తప్పు సలహా ఇచ్చి అమ్మినవాడిదే.

ఆ తప్పుకు చట్టంలో చోటుంది. వస్తు విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 ప్రకారం, ఏ పనికి కావాలో కొనేవాడు ముందే చెప్పి, అమ్మేవాడి అనుభవం మీద ఆధారపడితే, ఆ పనికి పనికొచ్చే సరుకే ఇవ్వాలి. దీనికో మినహాయింపుంది: ఫలానా పేరుగల వస్తువే కావాలని మీరే అడిగి కొంటే ఆ రక్షణ వర్తించదు. షాపువాళ్ల వకీలు పట్టుకోబోయేది దీన్నే. "70-300 అని బిల్లులో పేరుతో సహా ఉంది కదా" అంటాడు. అప్పుడు మీ వాట్సాప్ మెసేజ్ చూపించండి. మీరు లెన్సు పేరు చెప్పలేదు. కెమెరా చెప్పారు, కాలువ గట్టు చెప్పారు, బడ్జెట్ చెప్పారు, "ఏది బాగుంటుంది?" అని అడిగారు. పేరు పలికింది వాళ్లు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క ప్రశ్నే మీ కేసు. దీనికి తోడు, సరుకు ఉపయోగం గురించి తప్పుదోవ పట్టించే మాట చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఈ రెండూ కలిపి రాయండి.

ఇక సాయంత్రం ఫొటోల మసక. దాని మీద పోరాడకండి, ఓడిపోతారు. ఆ లెన్సును 300 ఎంఎం దాకా లాగితే వెలుతురు వెళ్లే ద్వారం ఎఫ్/6.3 కన్నా పెద్దగా తెరుచుకోదు. అది లెన్సు మీదే రాసి ఉంటుంది. వీఆర్ అనేది మీ చెయ్యి వణుకును సర్దుతుందే తప్ప దూసుకెళ్లే పడవను ఆపలేదు. తెడ్డు గాల్లో స్తంభించినట్టు రావాలంటే షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు దరిదాపుల్లో ఉండాలి. పొద్దు వాలాక ఎఫ్/6.3తో ఆ వేగం కావాలంటే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) బాగా పెంచాలి, ఫొటోలో గింజలు పడతాయి. 20 వేలకొచ్చే టెలీ (దూరానివి తీసే) లెన్సులన్నిటికీ ఉన్న పరిమితి ఇది. "సూపర్‌గా" అన్న మాటను కమిషన్ వ్యాపారి గొప్పలుగానే చూస్తుంది. (ఈ ఫొటోల జ్ఞానం నాది కాదు, మా బావమరిది పుణ్యం. పెళ్లిలో అక్షింతలు వేసేవాళ్లని కూడా పక్కకు జరగమనే రకం.) ఈ గోడును ఫిర్యాదులో కలిపితే అసలు పాయింటు పలచబడుతుంది.

సంపాదన సంగతికొస్తే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని వినియోగదారుల లెక్కలోంచి మినహాయిస్తుంది. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని తానే వాడుకునేవాడిని మళ్లీ లోపలికి తీసుకుంటుంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆటో కొని తానే నడుపుకునేవాడి ఉదాహరణ చెప్పింది. మీ భుజాన కెమెరా, అతని చేతిలో ఆటో హ్యాండిలూ ఒకటే. కాకపోతే "ఇది నా స్వయం ఉపాధి, నేనే వాడుకుంటాను" అని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. రాయనిదాన్ని కమిషన్ ఊహించుకోదు. బిల్లు మీ పేరు మీద ఉందో, స్టూడియో పేరుతో జీఎస్‌టీ నంబరు వేసి ఉందో చూసుకోండి. రెండోదైతే వాళ్లకి వాదించడానికో పట్టు దొరుకుతుంది.

విజయవాడ వెళ్లక్కర్లేదు. మీరు నివసించే చోట కేసు వేసే హక్కు అదే చట్టం సెక్షన్ 34 ఇచ్చింది. బిల్లు అడుగున అచ్చేసిన గీత దాన్ని తీసెయ్యలేదు. "వాపసు తీసుకోబడదు" అన్న వాక్యమూ తప్పు సలహా ఇచ్చినవాడికి గొడుగు పట్టదు. 5 లక్షల లోపు లావాదేవీకి ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది, మీరే వాదించుకోవచ్చు. ల్యాబ్ పరీక్ష అక్కర్లేని కేసును 3 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. అంతకన్నా ఎక్కువే పడుతుందనుకుని సిద్ధపడండి. పోటీల్లో పోయిన సంపాదన కూడా అడగాలంటే, ఫలానా జట్టు ఇంత ఇస్తానందన్న మెసేజో అడ్వాన్సు రసీదో చూపాలి. లేకపోతే 18,500, వడ్డీ, ఖర్చులు, మానసిక క్షోభకు కొంత అడిగి ఊరుకోండి.

ఇప్పుడు చేయాల్సింది: ఫోన్ మార్చకండి, ఆ చాట్ చెరపకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేస్తే అనుమానాలకు తావుండదు. అదే లెన్సు స్నేహితుడి కెమెరా మీద పనిచేయడం, మీ డి5100 మీద పనిచేయకపోవడం, లెన్సు సీరియల్ నంబరు కనబడేలా ఒకే వీడియోలో తీయండి. రిపేరు షాపుకు ఇవ్వకండి. కాలువ తుంపర పడనివ్వకండి, "నీళ్లలో ముంచాడు" అనే అవకాశం వాళ్లకెందుకు? ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. (రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి ఇందులోనే కలిసిపోయింది.) కదలకపోతే వినియోగదారుల కేసుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఫైల్ చేయొచ్చు.

నోటీసు అందగానే చాలా షాపులు మార్పిడికి దిగొస్తాయి. అప్పుడు మళ్లీ బోల్తా పడకండి. డి5100 బాడీలో ఫోకస్ మోటారు లేదు. అందువల్ల మోటారు లేని పాత ఏఎఫ్ 70-300 చవగ్గా ఇస్తామంటే వద్దనండి, చేత్తో తిప్పుకోవడమే గతి. లెన్సులోనే మోటారున్న ఏఎఫ్-ఎస్ రకం అడగండి. 55-300 వీఆర్ దొరికితే మీ బడ్జెట్లో సరిపోతుంది, కాకపోతే ఫోకస్ కాస్త నిదానం. సెకండ్ హ్యాండ్ ఏఎఫ్-ఎస్ 70-300 వీఆర్ అయితే పడవల వేగానికి మేలు. పూర్తి 18,500 లెక్కలోకి తీసుకోవాలి, కోత ఒప్పుకోకండి. కొత్త బిల్లు మీద "నికాన్ డి5100లో ఆటోఫోకస్ పనిచేస్తుంది" అని పెన్నుతో రాయించి, షాపు ముద్ర వేయించుకున్నాకే పాత లెన్సు వాళ్ల చేతికివ్వండి.