నాకి పక్కన పెట్టేసినా పర్వాలేదు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. కూరగాయ ముక్క కనిపిస్తే చాలు, పళ్లెం పక్కకి నెట్టేస్తాడు. క్యారెట్, బీట్‌రూట్ మెత్తగా రుబ్బి, వాడికి తెలియకుండా కలిపి పెట్టేదాన్ని. ఒకరోజు కనిపెట్టేశాడు. అప్పట్నుంచి ఏం పెట్టినా ‘ఇందులో ఏం కలిపావ్?’ అంటూ వేలితో కెలికి చూస్తున్నాడు. ‘తింటే చాక్లెట్ ఇస్తా’ అన్నా లాభం లేదు. తిండి వేళయితే నాకే టెన్షన్. ఏం చేయమంటారు మేడమ్?
– ఒక తల్లి

జవాబు: చాటుగా కలపడం ఈరోజే ఆపేయండమ్మా. రుబ్బి కలపడంలో తప్పు లేదు, కానీ వాణ్ని పక్కన నిలబెట్టుకుని, బీట్‌రూట్ వేస్తే ఎలా ఎర్రబడుతుందో చూపిస్తూ కలపండి. చాక్లెట్ ఆశ కూడా వద్దు. కూరగాయ శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టవుతుంది.

రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త రుచంటే బెరుకు మామూలే. ప్రీస్కూల్లో 18 ఏళ్లు పనిచేశాను. ఒక పాప ముందు కీరా ముక్క పెడితే మొదటిరోజు ముట్టుకుని వేళ్లు గౌనుకి తుడుచుకుంది. ఇంకోరోజు వాసన చూసింది. మరోరోజు మధ్యలో కన్నం పొడిచి, అందులోంచి నన్ను చూసింది. తర్వాత నాకి, పక్కన పెట్టేసింది. తినమని నేను ఒక్కసారీ అనలేదు. తొమ్మిదోసారో పదోసారో, పక్కనున్న పిల్లాడు కరకరా నములుతుంటే తనూ కొరికింది! కొందరు పిల్లలకి 10, 15 సార్లయినా పడుతుంది. చాలా ఇళ్లలో మూడోసారికే ‘మావాడికి పడదు’ అని మానేస్తారు. అదే నాకు బాధ.

భోజనం కన్నా సాయంత్రం చిరుతిండి వేళే మంచి అదను. ఆడుకుని ఆకలి మీద వస్తారు కదా. అంతకు ముందు గంట, గంటన్నర పాలు, బిస్కెట్లు ఇవ్వకండి. చిలగడదుంపని వేలంత పొడవున కోసి, కాస్త నూనె రాసి, మెత్తబడేదాకా కాల్చండి. తీపి బాగా తెలుస్తుంది. క్యాలీఫ్లవర్ ఎక్కువసేపు ఉడికిస్తే ఘాటు వాసన పెరుగుతుంది, మెత్తబడగానే దించేయండి. పక్కన చిన్న గిన్నెలో చిక్కటి పెరుగు పెట్టండి. ముంచుకోవడం ఆ వయసుకి ఆటే. రెండు ముక్కలు చాలు, పళ్లెం నింపొద్దు. మీరూ పక్కన కూర్చుని అవే తినండి. వాడు తిన్నా, తినకపోయినా ఏమీ అనకండి. ఇది మీకు కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు.

ఒక్క జాగ్రత్త. పచ్చి క్యారెట్ గుండ్రటి ముక్కలు గొంతుకి అడ్డం పడతాయి. తురమండి, లేదా ఆవిరి మీద మెత్తబడ్డాక నిలువుగా కోయండి. చెర్రీ టమాటా అయితే నిలువునా నాలుగు ముక్కలు చేయండి. పరిగెడుతూ తిననివ్వొద్దు.

ఈ వారానికి ఒక్క కూరగాయ చాలు. కీరానా, చిలగడదుంపా అని వాణ్నే అడగండి. ముక్క నోట్లో పెట్టిన ప్రతిసారీ డోకొస్తున్నా, బరువు తగ్గుతున్నా మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చూపించండి.