సముద్రం లేని ఊరి నుంచి ఓషన్ మోడలింగ్‌కు

ప్రశ్న: మా బిడ్డ హనుమకొండలో బీఎస్సీ రెండో ఏడు, మ్యాథ్స్-ఫిజిక్స్-కంప్యూటర్స్. సముద్ర ప్రవాహాలు, సుడులను కంప్యూటర్‌లో మోడల్ చేసే రంగంలోకి పోతానంటోంది. ఓడలెక్కి తిరగాలా? ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఓడతో పెద్దగా పని పడదండీ. పనంతా లినక్స్ కంప్యూటర్లు, ఫోర్ట్రాన్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు, పాక్షిక అవకలన సమీకరణాలతోనే (పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు). సముద్ర సూచనలిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ హైదరాబాద్‌ ప్రగతినగర్‌లోనే ఉంది. చూసుకోవాల్సింది లెక్కల మీద ఇష్టం. అది ఇప్పుడే తేల్చుకోవచ్చు.

1948లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టోమెల్ ఇచ్చిన మోడల్‌ను పైథాన్‌లో రాయమనండి. దీర్ఘచతురస్రపు సముద్రం, పైన గాలి, అడుగున రాపిడి, అంతే. భూమి తిరగడం వల్ల కదిలే నీరు పక్కకు మళ్లుతుంది, అదే కొరియాలిస్ ప్రభావం. అది ఉత్తరానికి పోయేకొద్దీ మారే రేటు బీటా. దాన్ని సున్నా చేస్తే ప్రవాహం రెండు గట్ల దగ్గరా ఒకేలా ఉంటుంది. అసలు విలువ పెడితే పడమటి గట్టుకు ఒదిగి, ఇరుకై, వేగం పుంజుకుంటుంది. మన తూర్పు తీరం బంగాళాఖాతానికి పడమటి గట్టే. కాకపోతే అక్కడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి, అక్టోబర్ నుంచి దక్షిణానికి తిరుగుతుంది. మారని గాలితో నడిచే స్టోమెల్ మోడల్‌కు అది అందదు.

సుడులు కూడా అందులో పుట్టవు. వాటికి సమీకరణాల్లో నాన్‌లీనియర్ పదాలు (ప్రవాహం తన వేగాన్ని తానే మోసుకుపోవడాన్ని లెక్కించేవి) చేర్చాలి. పిల్లలు తడబడేది ఇక్కడే. విస్కాసిటీ (పక్కపక్క నీళ్ల మధ్య రాపిడి) సెకనుకు 1000 చదరపు మీటర్లు పెడితే గట్టు పొర (గట్టును ఆనుకుని ప్రవాహం ఇరుకయ్యే పట్టీ) వెడల్పు సుమారు 36 కి.మీ. గ్రిడ్, అంటే లెక్క కట్టే పాయింట్ల మధ్య దూరం, 50 కి.మీ. ఉంటే ఆ పొరలో ఒక్క పాయింటైనా పడదు, తెర మీద గళ్లుగళ్లుగా గీతలొస్తాయి. విస్కాసిటీ పెంచితే గీతలు పోతాయి, సుడులూ చస్తాయి. గ్రిడ్ తగ్గించడమే మందు. సగానికి తగ్గిస్తే పాయింట్లు నాలుగింతలు, టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకు ముందుకు జరిగే సమయం) సగం. మొత్తం ఖర్చు ఎనిమిదింతలు. 4000 మీటర్ల లోతున్న సముద్రంలో సునామీలాంటి పొడవైన ఉపరితల అల సెకనుకు దాదాపు 200 మీటర్లు పోతుంది కాబట్టి, 10 కి.మీ. గ్రిడ్‌లో మామూలు లెక్క పద్ధతికి స్టెప్ 50 సెకన్లు దాటితే అంకెలు అదుపు తప్పి మోడల్ పేలిపోతుంది.

ఈ పని విసుగు పుట్టించకపోతే ముందుకు పోనివ్వండి. ఎంఎస్సీకి విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, కొచ్చిలోని కుసాట్ (కొచ్చిన్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ) చూడండి. ఐఐటీలకు జామ్ అనే ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష రాయాలి; దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబర్‌లో, పరీక్ష ఫిబ్రవరిలో. ఆ తర్వాత పై చదువుల కోసం రాసే గేట్ పరీక్షలో ఇంజినీరింగ్ సైన్సెస్ పేపర్‌కు వాతావరణ, సముద్రశాస్త్ర విభాగం ఉంది.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, పర్మనెంట్ సైంటిస్టు పోస్టులు తక్కువ. మొదట కాంట్రాక్టు ప్రాజెక్టు పోస్టులే దొరుకుతాయి, పరిశోధనలో నిలవాలంటే పీహెచ్‌డీ దాదాపు తప్పదు. ఆ ఏళ్లకు ఇంట్లో సిద్ధంగా ఉన్నారా అన్నది మీరు ముందే మాట్లాడుకోండి.