నాన్న పోయిన తేదీ దగ్గరపడుతుంటే ఎందుకింత భయం?

ప్రశ్న: మా నాన్నగారు పోయి వచ్చే నెలకి మూడేళ్లు. నాకు 36 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను, ఆరేళ్ల పాప ఉంది. ఏడాదంతా బాగానే ఉంటాను కానీ ఆ తేదీ ఇంకో రెండు మూడు వారాలు ఉందనగా నిద్ర పట్టదు, గుండె దడగా ఉంటుంది, ఊరికే పాపను కసురుతుంటాను. ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు డబ్బు విషయంలో ఫోన్‌లో గొడవపడి, ఆయన మాట్లాడుతుండగానే పెట్టేశాను. మళ్లీ చెయ్యలేదు. ఆయనా చెయ్యలేదు. తర్వాత గుండెపోటు. అన్నయ్య ప్రతి వర్ధంతికీ బంధువులందర్నీ పిలుస్తాడు, నాకు అక్కడ ఊపిరాడదు. అమ్మేమో ఏమీ జరగనట్టు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది, ఒక్క కన్నీటి చుక్క రాదు, చూస్తుంటే కోపం వస్తుంది. మా ఆయన 'మూడేళ్లయింది, ఇంకా ఎన్నాళ్లు' అంటారు. నాకేమైనా మానసిక జబ్బా? ఆ రోజు నేనేం చెయ్యాలి?

జవాబు: ముందు జబ్బు సంగతి మాట్లాడుకుందాం అమ్మా. నాన్న లేరన్న బాధ చాలదన్నట్టు దానికి ఈ భయం కూడా తోడైంది. పోయినవాళ్ల తేదీ దగ్గరపడే కొద్దీ నిద్ర చెడడం, చిరాకు, ఒంట్లో నలత, ఇవి చాలామందికి వస్తాయి, మానసిక వైద్యులకు ఇది ఎప్పటినుంచో తెలిసిన విషయమే. మీరు క్యాలెండర్ వంక చూడకపోయినా ఆ రోజులు మళ్లీ వచ్చాయని ఒంటికి తెలుస్తుంది. అదే కాలం, సాయంత్రం పూట అదే వెలుతురు, పోయిన ఏడాది ఈపాటికి ఏం చేశామన్న లెక్క. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పేదేమిటంటే అసలు రోజు కన్నా దాని ముందు రోజులే కష్టం, తీరా ఆ రోజు వచ్చాక ఎలాగో గడిచిపోతుంది అని.

ఒక్క మాట మాత్రం పక్కన పెట్టకండి. గుండె దడ అంతా మనసు వల్లేనని మీకు మీరే తేల్చేసుకోవద్దు. నాన్నగారికి గుండెపోటు వచ్చింది కాబట్టి ఒకసారి డాక్టర్‌కు చూపించి బీపీ, ఈసీజీ, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి. రిపోర్టులు బాగుంటే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఇక దుఃఖం జబ్బు ఎప్పుడవుతుందంటే, దానికీ ఒక లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, అందులో 'దీర్ఘకాలిక దుఃఖం' అనేదాన్ని విడిగా చేర్చారు. మనిషి పోయి కనీసం 6 నెలలు దాటాక కూడా తీవ్రమైన బెంగ వదలకుండా ఉండి, రోజువారీ బతుకు సాగనివ్వకపోతే దాన్ని అలా అంటారు. అదే ఏడాది అమెరికా మానసిక వైద్యుల సంఘం కూడా జబ్బులు తేల్చడానికి వాడే తమ పుస్తకంలో చేర్చింది, వాళ్లు పెద్దవాళ్లకు 12 నెలల గడువు పెట్టారు, అదీ దాదాపు రోజూ ఉంటేనే. మీరు రాసినదాన్ని బట్టి ఏడాదిలో పదకొండు నెలలు ఉద్యోగం చేస్తున్నారు, పాపను చూసుకుంటున్నారు, నవ్వుతున్నారు. ఉత్తరం చదివి రోగం తేల్చే పని నేను చెయ్యను కానీ, నాకు ఇందులో కనిపిస్తున్నది జబ్బు కన్నా చెప్పుకోలేక లోపలే ఉండిపోయిన మాట. ఒకవేళ ఈ నిద్రలేమి తేదీ దాటాక కూడా వారాల తరబడి సాగినా, పని మీద ధ్యాస పూర్తిగా పోయినా మానసిక వైద్యుల్ని కలవండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బతకాలని లేదు అనే ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా ఇంట్లోవాళ్లకూ డాక్టర్‌కూ చెప్పాలి.

మీ ఆయన 'ఇంకా ఎన్నాళ్లు' అన్నారన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, దుఃఖానికి ఒక గడువు ఉంటుందని మనలో చాలామందిమి అనుకుంటాం. ఐదు దశలు ఉంటాయి, ఒకటి దాటితే ఇంకొకటి, చివరికి ఒప్పేసుకుంటాం అన్న మాట అందరూ వినే ఉంటారు. ఆ ఐదు దశలు 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టర్ రాసినవి, అదీ చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి. వెనక మిగిలినవాళ్లు ఇన్ని నెలల్లో తేరుకోవాలని చెప్పే టైమ్‌టేబుల్ కాదు అది. అంతకుముందు 1917లో, మనోవిశ్లేషణకు ఆద్యుడైన డాక్టర్ సిగ్మండ్ ఫ్రాయిడ్, పోయినవాళ్ల మీద పెట్టుకున్న మమకారాన్ని మెల్లమెల్లగా వెనక్కి తీసుకోవడమే దుఃఖం చేసే పని అని రాశారు. మూడేళ్లకే 1920లో ఆయన కూతురు సోఫీ చనిపోయింది. ఇంకో తొమ్మిదేళ్ల తర్వాత, 1929 ఏప్రిల్‌లో, ఆమె ఉంటే 36 ఏళ్లు నిండే రోజున, కొడుకును పోగొట్టుకున్న ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, మొదటి తీవ్రత తగ్గుతుంది కానీ ఆ ఖాళీ పూర్తిగా పూడదు, అలా ఉండటమే సరైనది, వదులుకోవడం ఇష్టం లేని ప్రేమ అలాగే నిలుస్తుంది అన్న అర్థంలో రాశారు. మమకారం వెనక్కి తీసుకోవాలని చెప్పిన మనిషే బిడ్డ పుట్టినరోజున ఆ మాట రాశారమ్మా. ఈ విషయం మీ ఆయనకు చెప్పండి. వాదించడానికని కాదు, ఆయనకు తెలియడానికి.

ఇప్పుడు ఆ ఫోన్ సంగతి. మీ ఉత్తరంలో అది మధ్యలో రెండు ముక్కల్లో రాసి దాటేశారు, కానీ నాకు మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపించింది. మీ తప్పేం లేదు, బాధపడకండి అని నేను అనను, ఎందుకంటే ఆ మాట మీకు ఈ మూడేళ్లలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, అది పనిచెయ్యలేదు. మీరు కటువుగా మాట్లాడారు, ఫోన్ పెట్టేశారు. అది జరిగింది. దాన్ని జరిగినట్టే ఉండనిద్దాం. కానీ ఇంకో నాలుగు రోజుల్లో ఆయన ఉండరని ఇవాళ మీకు తెలుసు, ఆ రోజు తెలియదు. తెలియని ఆ అమ్మాయిని తెలిసిన ఈ అమ్మాయి మూడేళ్లుగా బోనులో నిలబెట్టి అడుగుతోంది, అది న్యాయం కాదు. తండ్రి రేపు కూడా ఉంటాడని, వారం తర్వాత కోపం తగ్గాక మళ్లీ మాట్లాడుకుంటామని ధీమా ఉన్న పిల్లలే అలా ఫోన్ పెట్టేస్తారు. ఆ ధీమా మీకు ఇచ్చింది కూడా ఆయనే.

ఇంకోటి ఆలోచించండి. ముప్పై మూడేళ్లు ఆయన మీకు నాన్న. ఆ ఫోన్ ఎంతసేపు నడిచి ఉంటుంది, ఐదు నిమిషాలు? పది? మీరు ఇప్పుడు నాన్న అనగానే ఆ పది నిమిషాలే ముందుకొస్తున్నాయి, మిగతా మనిషి వెనక్కి వెళ్లిపోయాడు. మీ ఉత్తరమంతా వెతికాను, ఆయన ఎలాంటివారో, ఎలా నవ్వేవారో, మిమ్మల్ని ఏమని పిలిచేవారో ఒక్క మాట లేదు. నాకు అన్నిటికన్నా అదే బాధనిపించింది.

ఇక్కడ మీ అమ్మగారి సంగతికి రావాలి. మీరు ఫోన్ పెట్టేశాక ఆ నాలుగు రోజులూ ఆయన ఇంట్లోనే ఉన్నారు కదా. ఆయన మీ గురించి ఏమన్నారో, కోపంగా ఉన్నారో, అదే చల్లారుతుందిలే అనుకున్నారో, ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పక్కన పెట్టారో, అసలు ఆ గొడవ సంగతే మర్చిపోయి తన పనుల్లో పడ్డారో తెలిసిన మనిషి ఉంటే గింటే అది మీ అమ్మే. మూడేళ్లుగా ఆవిడ ఏడవడం లేదని చూస్తున్నారే తప్ప ఆవిడను ఇది ఎప్పుడూ అడగలేదనుకుంటున్నాను. అడిగి ఉంటే ఈ ఉత్తరం వేరేగా ఉండేది.

ఆవిడ ఏడవకపోవడానికి బాధ లేకపోవడం కారణం కానక్కర్లేదు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఒక మంచి విషయం చెప్పారు. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు కాసేపు ఆ లోటు వైపు తిరుగుతారు, కాసేపు రోజువారీ బతుకు వైపు తిరుగుతారు, ఇలా అటూ ఇటూ ఊగుతూ ఉండటమే తట్టుకునే పద్ధతి అన్నారు. మీరు ఆ మూడు వారాలూ లోటు వైపు ఉంటున్నారు, మీరు చూసే సమయానికి అమ్మ బతుకు వైపు ఉంటున్నారు. ఆవిడ అటు తిరిగే వేళ మీరు చూసి ఉండరు, అది రాత్రి పూట కావచ్చు, ఎవరూ లేని మధ్యాహ్నం కావచ్చు. పైగా మీరు పోగొట్టుకున్నది నాన్నను, ఆవిడ పోగొట్టుకున్నది భర్తను. ఇల్లు ఒకటే కానీ లోటు ఒకటి కాదు.

అడిగేటప్పుడు ఫోన్‌లో అడగొద్దు, వెళ్లి పక్కన కూర్చుని అడగండి, అన్నయ్య లేనప్పుడు. 'అమ్మా, ఆ చివరి నాలుగు రోజులు నాన్న ఎలా ఉన్నారు' అని మొదలుపెడితే చాలు, ఫోన్ పెట్టేసిన సంగతి మీరే చెప్పండి, దాచొద్దు. ఒకటి ముందే చెప్పాలి. 'బాధపడ్డారే' అని ఆవిడ అనవచ్చు. అనరని నేను హామీ ఇవ్వలేను. అన్నా కూడా ఆ మాట ఒంటరిగా మీ ఊహల్లో తిరగడం కన్నా, ఆయన్ని ప్రేమించిన ఇంకో మనిషి నోటి నుంచి వినడం మేలు. అప్పుడు ఇద్దరూ ఏడ్చినా ఏడవకపోయినా పరవాలేదు.

ఆయనకు చెప్పాల్సిన క్షమాపణ ఇంకా మీ దగ్గరే ఉంది కదా, దాన్ని రాయండి. బాధ గురించి రాస్తే ఏమవుతుందని జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో విద్యార్థులతో పరీక్షించి చూశారు, రోజుకు పదిహేను నిమిషాలు, వరసగా నాలుగు రోజులు. అందరికీ ఒకేలా పనిచేసిందని చెప్పను కానీ మీ విషయంలో ప్రయత్నించదగ్గదే. నాన్నా అని మొదలుపెట్టి, అక్షరదోషాలు చూడకుండా, గొడవ ఎందుకొచ్చిందో, మీకెందుకు అంత కోపం వచ్చిందో, మీ వైపు న్యాయం ఎక్కడుందో అదీ రాయండి. తప్పంతా మీ నెత్తిన వేసుకుని రాస్తే అది ఉత్తరం కాదు, శిక్ష. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కవచ్చు, అందుకని తేదీ ముందు రాత్రి కూర్చోవద్దు, ఒక పది రోజుల ముందు రాసేయండి. అలా రాసే నాలుగు రోజుల్లో చివరి రోజున, ఆయన జవాబిస్తే ఏమని రాసేవారో, ఆయన మాటల్లోనే, ఆయన విసుగుతో సహా రాసి చూడండి. భరించలేనట్టు ఉంటే మధ్యలో ఆపేయండి, పూర్తి చెయ్యాలన్న నియమం లేదు.

విసుగుతో సహా అని ఎందుకన్నానంటే, పోయినవాళ్లను దేవుళ్లను చేసేస్తాం మనం. మీ నాన్నగారు డబ్బు విషయంలో మొండిమనిషే అయి ఉండవచ్చు, ఆ గొడవలో తప్పు ఆయనదే కావచ్చు, అది ఒప్పుకున్నంత మాత్రాన ప్రేమ తగ్గదు. మా నాన్న పోయి పదకొండేళ్లయింది. ఆయన ప్రతి నెలా ఒకటో తారీఖున కరెంటు మీటర్ రీడింగ్ ఒక డైరీలో రాసేవారు, ఎవరైనా లైటు ఆర్పడం మర్చిపోతే ఆ డైరీ తెచ్చి చూపించి సాధించేవారు, అప్పట్లో ఒళ్లు మండేది నాకు. ఇప్పుడు ఆయన పోయిన రోజున నేను చేసేది ఒక్కటే, ఆ డైరీ తీసి ఆ రోజు రీడింగ్ ఆయన అంకెల కిందే రాస్తాను. రెండు నిమిషాల పని. ఏ ఏడాదీ మానలేదు. ఆయన మంచితనం గురించి ఎవరైనా మాట్లాడినప్పటి కన్నా ఆ అంకెల దగ్గరే ఆయన నాకు ఎక్కువ కనిపిస్తారు.

మీకూ అలాంటిది ఒకటి ఉంటుంది, వెతకండి. ఆయన వాడిన వస్తువో, ఆయన చేసే పనో. పాపను పక్కన కూర్చోబెట్టుకుని తాతయ్య గురించి ఒక్క సంగతి చెప్పండి, ఏదైనా ఆయన పొరపాటు చేసి నవ్వుకున్న సంగతి అయితే మరీ మంచిది. తాతయ్య నిద్రపోయారు, ఊరెళ్లారు అని మాత్రం చెప్పకండి. ఆరేళ్ల పిల్లలు దాన్ని అక్షరాలా నమ్మి ఎదురుచూస్తారు, లేదా నిద్రకే భయపడతారు. చనిపోయారు, అంటే ఇక రారు అని మెల్లగా చెబితే అర్థం చేసుకుంటారు. ఈమధ్య ఎందుకు కసురుతున్నారో కూడా చెప్పండి, తన వల్ల కాదని ఆ పిల్లకు తెలియాలి.

అన్నయ్యకు నలుగురూ చుట్టూ ఉంటే ఊరట, మీకు నిశ్శబ్దం ఊరట. ఇందులో ఎవరి ప్రేమ ఎక్కువో లెక్క తేలదు, తేల్చొద్దు కూడా. ముందుగానే ఆయనతో 'అన్నయ్యా, నేను వస్తాను, రెండు గంటలు ఉంటాను, తర్వాత వెళ్లిపోతాను, నాకు జనంలో ఎక్కువసేపు కష్టంగా ఉంటోంది, నీ మీద కోపం కాదు' అని చెప్పేయండి. చివరి నిమిషంలో మానేస్తేనే మాటలొస్తాయి. మీ ఆయనకు కూడా ఓదార్చమని చెప్పకండి, ఆయనకు అది చేతకాక పోయి 'ఇంకా ఎన్నాళ్లు' అంటున్నారేమో. 'ఈ రెండు వారాలు రాత్రిపూట పాపను మీరు నిద్రపుచ్చండి, ఆ రోజు సాయంత్రం నాతో కాసేపు నడవండి' అని పనులు చెప్పండి. ఆయన చేస్తారనే నా నమ్మకం.

వీటిలో ఏది కుదిరినా కుదరకపోయినా అమ్మ దగ్గరకు మాత్రం ఈ నెలాఖరులోపు వెళ్లండి. ఆవిడ చెప్పింది విన్నాక, రాయాలనిపిస్తే నాకు మళ్లీ రాయండి. అప్పుడు నాన్నగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారో కూడా రాయండమ్మా.