రంగు పెన్సిళ్లు ఇంట్లో వదిలేసి వెళ్లండి

విజయనగరంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నామని, నాలుగేళ్ల పాప, ఆరేళ్ల బాబు ఫోన్ వదలడం లేదని, చెట్టూ చేమా మీద ఇష్టం కలిగేలా బయట బొమ్మల పనులేం చేయించొచ్చని అడిగారు. మాది శ్రీకాకుళం. మా పిల్లలతో చేయించినవే చెబుతాను.

రంగు పెన్సిళ్లు, స్కెచ్ పెన్నులు మాత్రం తీసుకెళ్లకండి. అవి చేతిలో ఉంటే పిల్లలు ఎక్కడ కూర్చున్నా అవే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఇల్లు. పక్కనున్న చెట్టును తలెత్తి చూడరు. రంగు వాళ్లే వెతుక్కోవాల్సి వస్తే అప్పుడు చూస్తారు.

లేత టేకాకు ఒకటి చేతికిచ్చి నలపమనండి. పచ్చటి ఆకే, అరచేతికి మాత్రం ఎర్రగా అంటుతుంది. మావాడు దెబ్బ తగిలిందేమోనని హడలిపోయాడు. ఆ తర్వాత దారిలో కనిపించిన ప్రతి ఆకునూ నలిపి చూడడమే పని! శంఖుపూలు వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది, దాంట్లో నిమ్మకాయ పిండితే ఊదా, ఇంకా పిండితే గులాబీ. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రబడుతుంది, మన పారాణి అదే కదా. సున్నం మాత్రం మీరే కలపండి, కంట్లో పడకూడదు. కుంచెకు వేపపుల్ల చివర నలగ్గొడితే సరి. ఈ రంగులు కొన్నాళ్లకే వెలిసిపోతాయి. ఫ్రేమ్ కట్టించాలనే ఆశ పెట్టుకోకండి.

సీతంపేట వైపు సవర గిరిజనులు ఎర్రమట్టి అలికిన గోడల మీద బియ్యప్పిండితో మనుషుల్ని, నెమళ్లని, చెట్లని వేస్తారు. అట్టముక్కకు ఎర్రమట్టి పూసి, ఆరాక పిండినీళ్లు, పుల్ల ఇస్తే మీ బాబు కూడా వేసేస్తాడు. పాప వేలితో చుక్కలు పెట్టుకుంటుంది.

సముద్రానికి వెళ్తే, మీకు చింతపల్లి బీచ్ దగ్గర, ఇసుకతో తాబేలు చేయించండి. వీపు మీద పెంకులకు గవ్వలు, ఆల్చిప్పలు. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయని అప్పుడు చెబితే చెవిన పడుతుంది. బడిలో చెప్పినట్టు ముందే చెబితే వినరు. ఎక్కడైనా గుడ్ల గుంత కనిపిస్తే దూరంగా ఉండమనండి.

వేసింది చూపిస్తే "సూపర్" అనేసి ఊరుకోకండి. "ఈ ఆకు ఎక్కడ దొరికింది?" అని అడగండి, మిమ్మల్ని లాక్కెళ్లి మరీ చూపిస్తారు.

జిల్లేడు, గన్నేరు, వయ్యారిభామ ముందే గుర్తుపట్టించండి. మొదటి రెండూ విషం, మూడోది తగిలితే దురద. నాలుగేళ్ల పాపకి అరగంట చాలు. ఎండ ముదరకముందే, ఉదయం ఏదైనా తినిపించి తీసుకెళ్లండి.